జానెడు వల

తెల్లారేసరికి పులికాటు సరస్సు మీద ఆకాశం బూడిదరంగు తిరిగి, కురవకుండా కిందికి వేలాడుతోంది. పడవ కట్టేసి వచ్చిన చిన్నపోలయ్య వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అయిదో తరగతి చదివే కూతురు బిందు వల సూది పట్టుకుని అతని వెనకే తిరుగుతోంది.

“ముందు కూర్చో నాయనా. నిలబడి ఎట్టా నేర్పిస్తావు?”

“పడవ తాడు వదులైందేమో చూసొస్తా.”

“ఇప్పుడే గదా చూసొచ్చినావు. రెండుసార్లు.”

“గాలి తిరిగింది మే. నీకేం తెలుసు.”

“తొమ్మిదిన్నరకు గంట కొడతారు. పాతకాలపు చేతిపనులు పిలకాయలే చేసి తేవాలని టీచరు చెప్పింది. జానెడు వల చాలు.”

“పాతకాలపుదా? నిన్న నేను నీళ్లలో వేసింది ఏందంట మరి?”

“అది సూళ్లూరుపేట అంగట్లో కొన్నది గదా. మిషను అల్లింది. ఇది చేత్తో అల్లాల.”

“తాటాకు గిలక్కాయ చేసుకుపో. తొందరగా అయిపోద్ది.”

“అది పెంచలకృష్ణ చేస్తున్నాడు. నేను వల అని పేరు రాయించేసినా. మా నాయన నేర్పిస్తాడని కూడా చెప్పినా.”

“ఎవరు చెప్పమన్నారు నిన్ను?”

“ఇంట్లో ఎవరికొచ్చు అని టీచరే అడిగింది. అందరూ నా పక్కే చూసినారు. వీళ్లది పడవ ఉండే ఇల్లు గదా అని.”

“మీ అమ్మను అడగరాదా?”

“అమ్మ ఆరు గంటల బండికే రొయ్యల కంపెనీకి పోయిందిగా.”

“దారం లేదు ఇంట్లో.”

“ఇదిగో దారం. సూది పక్కింటి మాలకొండమ్మవ్వ ఇచ్చింది. మీ నాయన అల్లతాడేమో చూద్దాం అని నవ్వింది. ఎందుకు నవ్వింది?”

“ముసల్దానికి పనేముంది. ఇటివ్వు. ఇట్టా తిప్పి, ఇట్టా దూర్చి, లాగాల.”

“ముడి జారిపోయింది.”

“గట్టిగా లాగలేదు. అంతే.”

“మళ్లీ జారింది. నాయనా, నీకు...”

“వల చిరిగితే దగ్గరికి లాగి కట్టేస్తా గదా. దినామూ కడతానా లేదా? కన్ను కన్నూ అల్లేది వేరే.”

“రాదా నీకు?”

“మీ తాత నన్ను సూది ముట్టుకోనిస్తేనా. పట్టుకుంటే వేళ్ల మీద కొట్టేవాడు. బడికి పోరా, చదువుకోరా అని. నేను పదో తరగతి తప్పి ఇంటికొచ్చేసరికి ఆయన లేడు. అంగట్లోకి వలలు వచ్చేసినాయి.”

“నువ్వు బడికి పోయినావని నేర్పలేదా? నన్నేమో బడికే అల్లుకు రమ్మంటున్నారు.”

“నవ్వమాకు.”

“నవ్వలేదు నాయనా. టీచరుకు ఏం చెప్పేది?”

“ఏడున్నరే గదా అయింది. మాలకొండమ్మకు చెప్పిరా. నేర్చుకునేదానికి ఇద్దరు పిలకాయలు వస్తున్నారని చెప్పు.”

“ఇద్దరా? రెండో పిల్లోడెవరు?”

“చద్దన్నం తీసుకురా. తిని పోదాం.”

గిన్నెకు అటొకరు, ఇటొకరు కూర్చుని తిన్నారు. తిన్నాక చిన్నపోలయ్యే సూదీ దారమూ పట్టుకుని మాలకొండమ్మ ఇంటివైపు ముందు నడిచాడు.