నిప్పు చూసే ఆవు

వేల్స్‌లో, బాలా ఊరి పైనున్న కొండ వాలులో పాత రాతి ఇల్లు. వాలుగా ఉన్న వంటింటి నేలను చదును చేయడానికి కాంక్రీటు లారీ రావాలి. ఈలోగా పొయ్యి పక్క గోడ మీది పాత సున్నం గీకుతున్న భార్య కేక పెట్టింది.

“ఏమండీ, త్వరగా రండి! గోడలో కిటికీ!”

“లోపలి గోడకు కిటికీ ఏమిటి? అవతల సామాన్ల గదేగా?”

“మీరే చూడండి. నా నడుమెత్తున ఉంది. మనుషుల కోసమైతే ఇంత కిందికి పెడతారా?”

“మరెవరికోసం?”

“ఆవు కోసం! నిప్పు కనబడితేనే ఆవు నిండుగా పాలు ఇస్తుందని మీ నానమ్మ అనేది కాదూ?”

“అనేది. చాదస్తమని నవ్వేవాళ్లం.”

“అటు పశువులు, ఇటు మనుషులు, ఒకే కప్పు కింద. పేడనీళ్లు మనవైపు రాకుండా నేలను కావాలనే అటు వాల్చారు!”

“అయ్యో, కుంగిపోయిందనుకున్నానే! నాలుగువందల ఏళ్ల నేల...”

“హారన్ వినబడుతోంది. కాంక్రీటు తెచ్చే గెథిన్ లారీ వచ్చేసింది, వెళ్లి ఆపండి!”

“ఏమని ఆపను? కలిపిన కాంక్రీటు నా నెత్తిన పోస్తాడు.”

“గొర్రెల దొడ్డి ముందు బురదలో పోయమనండి.”

“గిన్నెలు జారిపోతున్నాయని ఏడాదిగా నన్ను పోరింది ఎవరు?”

“నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. పరుగెత్తండి!”