శుక్రవారం రింగు

పటాన్‌చెరు దగ్గర చిట్కుల్. ఐలన్న కిరాణా కొట్టు, దాని పక్కనే ఆయన ఎస్‌టీడీ డబ్బా. 1998, దీపావళికి నాలుగు రోజుల ముందు. మస్కట్‌లో మూడు నెలలు కంపెనీ పని ముగించుకొని వచ్చిన చిన్నరాములు ఇల్లు చేరకముందే ఇక్కడ దిగాడు.

“ఎయిర్‌పోర్టుల ఎందుకు మారుస్తనన్నా? ఆడ డాలరుకు నలభైయే. నువ్వు బేగంబజార్ల నలభై రెండు ఇప్పిస్తనంటివి గద.”

“ఇప్పిస్త రాములూ. తొందరేంది? కూసో, చాయ్ తాగు.”

“చాయ్ తర్వాత. ముందు ఇవి ఎంచు. ఏడు వందల యాభై.”

“దినానికి పన్నెండు డాలర్లే గద కంపెనీ తిండికిచ్చింది?”

“నాలుగు లోపట ఎల్లదీసిన. కారంపొడి, చింతపండు నీ కొట్లనే కొంటవోతిని గద. తినేటందుకు ఎంత కావాల్నో అంతే రియాళ్లు జేసిన. తక్కినయి డాలర్లే ఉంచిన. రెండుసార్లు మారిస్తే రెండుసార్లు కోత.”

“హుషారే. బుగ్గలు పోయినయి గని.”

“బుగ్గలు వస్తయి. ముప్పై ఒక వెయ్యి అయిదు వందలు. సోమయ్యకు ముప్పై వేలు కట్టంగ ఆయన నూట ఇరవై గజాల జాగ మనది. ఇగ కిరాయి ఇల్లు బంద్.”

“ముత్యమ్మ లక్డారంల ఉన్నది. ముందు పోయి కలువు.”

“తల్లిగారింటికి పోయిందా? నేనొస్తున్నట్టు తెల్వదా?”

“తెలుసు.”

“మరి? మొన్న శుక్రారం గుడ రింగిచ్చె గద, అంత మంచిగనే ఉన్నదని. ఆ ఉపాయం నీదే అన్నా. ఒక రింగిచ్చి కట్ చేస్తే అందరు బాగున్నరని. రెండుసార్లిస్తే నేను ఫోన్ చెయ్యాలె. మూడు నెలల్ల ఫోనుకు పైస పెట్టలే.”

“ఒక్కసారి గుడ చెయ్యాలె అనిపియ్యలేదా?”

“దేనికి? నా రూముల మొగులయ్య, బొల్లారమాయన, వారానికి రెండు రియాళ్లు ఫోనుకే పోస్తుండె. పాపమని ఆయనకు గుడ ఇదే నేర్పిన. ఇద్దరికీ వరండల ఒకటే ఫోను.”

“ఒకటే ఫోనా?”

“ఆ. ఏమాయె? చాయ్ చల్లారుతున్నది, నువ్వు తాగు.”

“రాములూ, ఆ జాగ లేదు.”

“ఏ జాగ?”

“సోమయ్య అమ్మిండు. దసరా ఎల్లినంక గోదాం కడతమని ఎవరో ఎక్కువకు అడిగిండ్రు.”

“దీపావళి దాక గడువున్నది గద! బయానా పది వేలు ఇచ్చిన!”

“బయానా వాపస్ ఇచ్చిండు, ముత్యమ్మ దగ్గరున్నది. ఊకె అమ్మలేదు. మీ ఇంటికొచ్చి అడిగిండు. నీ మొగని తోని ఫోన్ల ఒక్క మాట చెప్పియ్యి, పైసలు తెస్తుండని, సోమారం దాక ఆగుతనన్నడు.”

“మరి చెప్పొద్దా నాకు? దాని నోరు ఏడవోయింది? మూడు నెలలు నేను ఎండుమిరపకాయ, అన్నం తిన్న. అది ఒక్క ఫోన్ చెయ్యలేకపోయె!”

“దాన్ని అనకు. నిమిషానికి అరవై అయినా సరే మాట్లాడత అన్నది. నేనే ఆపిన. ఎందుకు దండగ, రెండుసార్లు రింగియ్యి, వాడే చేస్తడు అన్న.”

“ఇచ్చిందా?”

“నా ముంగటనే. మొన్న శుక్రారం, ఆరు గంటలకు.”

“అబద్ధం. నేను ఫోను పక్కనే ఉంట.”

“శనారం మళ్ల కొడుదమన్న. వద్దన్నది. ఆయనకు సమజైంది, చేస్తడు అన్నది.”

“రాలే అన్నా. మొగులయ్యకు నేర్పినప్పటి సంది ప్రతి శుక్రారం రెండే రింగులు. ఒకటి ఆయనది, ఒకటి నాది. రెండూ అయినంక ఇద్దరం పోయి అన్నం వండుకుంటుంటిమి.”

“ఆ శుక్రారం?”

“ఆ శుక్రారం గుడ రెండే. మూడొస్తే ఉరికేటోణ్ణి కానా?”

“అయితే ఆ వారం మొగులయ్య ఇంటోళ్లు చెయ్యలేదు రాములూ. ఆ రెండూ ముత్యమ్మవే. సోమారం పొద్దుగూకే దాక, నీ ఫోనొస్తదని, నువ్వు కూసున్న గీ బల్ల మీదనే కూసున్నది.”