మట్టిని సాదుడు

"నీ బిడ్డ అందరి లెక్క పిల్లినో చిలుకనో తెచ్చిందా? టబ్బెడు మట్టి తెచ్చి, సాదుమని నా నెత్తిన పెట్టి హాస్టల్‌కు పోయింది."

పాన్‌గల్‌లో ఇంటి అరుగు మీద ఆ టబ్బు ముందర గీత అట్లకాడ పట్టుకుని కూర్చుంది. మొగుడు నవ్వు ఆపుకుంటున్నాడు.

"మట్టి కాదే, అండ్ల రోకలిబండ పురుగులున్నయి."

"వానకు చేన్లల్ల మస్తు పాకుతుంటే ఈ టబ్బులయి ఒక్కటన్న కనవడదా? సచ్చినయని ఫోన్ల చెప్తే పిల్ల ఏడ్సుకుంట, తినకుండనే పండుకుందంట. బతికున్నయో లేవో తవ్వి చూస్త."

"పాత పొర ఇడిసేదాంక లోపల్నే ఉంటయి, కదిలిస్తే సస్తయని చెప్పిపోయింది గద!"

"నీకు చెప్పింది. నాకు తెల్వదు."

"మొన్న పల్లి మొలుస్తలేదని నేను సాలు కెలకవోతే నువ్వేమన్నవ్?"

"గింజను పరేషాన్ చేయకు అని అన్న."

"మరి?"

అట్లకాడ వంటింట్లోకి పోయింది.

తెల్లారి గీత టబ్బులో మేతకు పెట్టిన దోసకాయ ముక్క మార్చబోతే, దాని మీద రోకలిబండ ఒకటి కొత్త తోలుతో నిగనిగలాడుతూ మేస్తోంది.

"ఫోన్ ఇటియ్యి."

"ఎందుకే, పొద్దుపొద్దుగాల?"

ఆమె అప్పటికే లాక్కుంది.

"వర్షా, లే బిడ్డా. నీ రోకలిబండ బతికే ఉంది. సచ్చినయని చెప్పిన, నాదే తప్పు. జర అన్నం తిను."