నెమలిగుట్ట మీద మూడు కుక్కలు

మల్యాల దగ్గరి ఒక ఊరు. జగిత్యాల బస్సు దిగి ఇప్పుడే ఇంటికి వచ్చిన క్రాంతి, అరుగు మీద వాళ్ల బాపమ్మ మొగిలవ్వ.

"రేపు నువ్వు మాత్రం పోకు బాపమ్మా. ఎండ కొడుతది."

"ఎండ నాకు కొత్తనారా? నలభై ఏండ్ల సంది గా గుట్ట ఎక్కి దిగుతున్న."

"రేపటి ఎండ ఏరే. ఫోన్ల అచ్చింది. బస్టాండ్ల నిలబడ్డోళ్లు నిలబడ్డట్టే ఆవిరైపోతున్నరట. చెప్పులు మాత్రం మిగులుతున్నయట."

"అయితే చెప్పులిడిచి పోత."

"మల్యాలకు బస్సులు గూడ బంద్."

"మరి నువ్వు దేంట్ల అచ్చినవు?"

"గదే ఆఖరిది. డ్రైవర్ ఏడ్సుకుంట దిగిండు."

"నడిచిపోత. గుట్టను పలగొట్టి కంకర జేస్తమంటుంటే నన్ను ఇంట్ల పండుమంటవేందిరా? రేపు మల్యాలల ఆఫీసర్లు ఊరోళ్లను అడుగుతరట. మైకుల చెప్పిండ్రు. ఎవ్వలేమన్న చెప్పచ్చట. నేను చెప్త."

"ఏం చెప్తవు?"

"ఉన్నయి చెప్త. సీతాఫలం చెప్త, తునికి చెప్త, మొర్రి చెప్త, పరికిపండ్లు చెప్త. బోడకాకర ఏ బండ సందుల పాకుతదో చెప్త. ఉడుములు, కుందేళ్లు, నెమళ్లు. నెమలిగుట్ట అని పేరు ఊకెనే వెట్టిండ్రా? నువ్వు సదివిందే నా సీతాఫలం గంప మీద. గా గుట్ట పోతే నేనేం దినాలె, మన్నా?"

"అది గాదు..."

"నువ్వు గూడ రా నా ఎంబడి. నువ్వేదో గుట్టల సదువు సదివినవు గదా. ఏందది?"

"బయోడైవర్సిటీ అండ్ కన్సర్వేషన్."

"అంటే?"

"అంటే... ఏడేడ ఏం చెట్లున్నయి, ఏం పిట్టలున్నయి, రాసుకొని, అవి పోకుంట కాపాడుడు."

"ఇగ మంచిదాయె! నువ్వే మాట్లాడు. ఇంగ్లీషుల మాట్లాడు, దడుసుకుంటరు."

"రేపు కాలేజీ ఉన్నది."

"పరీచ్చలు ఒడిసినయంటివి?"

"ఒడిసినయి. అయినా ఉన్నది."

"సరే, గీ కాయితమన్న సదివి చెప్పు. పంచాయతీ గోడకు అతికిచ్చిండ్రు. పీక్కచ్చిన."

"గవర్నమెంటు కాయితం పీకుతవా! జైల్ల ఏస్తరు."

"ఏస్తే ఆడనే తింట. సదువు."

"నా కండ్లు మండుతున్నయి."

"క్రాంతీ, సదువు."

"...‘నెమలిగుట్ట. చెట్లు: వేప, ఒకటి.’"

"ఒకటా?"

"‘పక్షులు: కాకి, పావురం, కోడి.’"

"గుట్ట మీద కోడా?"

"‘జంతువులు: కుక్కలు, మూడు. అడవి జంతువులు లేవు. మనుషులకు పనికొచ్చే మొక్కలు లేవు.’"

"ఎవడ్రా గిది రాసినోడు? ఆని కండ్లల్ల పరికిముండ్లు గుచ్చుకోను!"

"మెల్లగ బాపమ్మా, పక్కింటోళ్లు ఇంటరు."

"ఇననియ్! ఆని ఇంట్ల పొయ్యి అంటకుంట వోను!"

"పొయ్యినెందుకు తిడ్తవు? పొయ్యి ఏం జేసింది?"

"గుట్ట మీద మూడు కుక్కలట! ఏ ఊరిదో దెచ్చి మన ఊరికి అంటగట్టిండ్రు."

"సిరిసిల్లది."

"ఏందీ?"

"ఏం లేదు."

"సిరిసిల్లది అంటివి. నీకెట్ల ఎర్క?"

"ఊకె అన్న."

"నా మొకం జూసి చెప్పు. నీకెట్ల ఎర్క?"

"...కాలేజీల రికార్డు రాయమన్నరు బాపమ్మా. ఎవ్వల ఊర్ల ఏమున్నయో ఆల్లు తిరిగి రాయాలె. మా సీనియర్ ఒకాయనది సిరిసిల్ల. ఆయన బట్టలు నేసే సాంచెల షెడ్డెనుక గల్లీని రాసిండు. ఆడ నిజంగనే ఒక యాపచెట్టు, మూడు కుక్కలున్నయి. కుక్కల పేర్లు గూడ రాసిండు. అవి నేనే తీసేసిన."

"నువ్వే... తీసేసినవా?"

"నేనొక్కన్నే గాదు. కోరుట్లల మా క్లాసు విశ్వజిత్ రూముల ఇరవై మందిమి గూసున్నం. పొద్దుగూకేవరకు అందరం గా సీనియర్ రికార్డు జూసి దించినం. ఊరిపేరు మార్చుడే. కోరుట్లకు మూడు కుక్కలు, మెట్‌పల్లికి మూడు కుక్కలు, మనకు మూడు కుక్కలు. జిల్లా మొత్తం గవే మూడు కుక్కలు తిరుగుతున్నయి. పాపం, వాటి కాళ్లు గుంజుతుండచ్చు."

"నగకు."

"నగుతలే."

"మీ సారు జూడలేదా?"

"మేడం. జూసింది. ఇరవైకి పంతొమ్మిదేసింది. మార్జిన్ లైన్లు మంచిగ గొట్టిన్నట. కోడికి ఒక్క మార్కు పోయింది."

"మరి కాలేజీ కాయితం పంచాయతీ గోడ మీదికెట్ల అచ్చింది?"

"ఊర్ల ఏం చెట్లున్నయి, ఏం జీవాలున్నయి రాసిన బుక్కు గావాలని పైనుంచి అడిగిండ్రట. పంచాయతీ సెక్రటరీతాన లేదు. మనూరి పిలగాడు గదే సదువు సదువుతుండు గదా అని నన్నడిగిండు. ఇచ్చిన. గందుకే గదా పంచాయతీల నాకు శాలువ గప్పింది."

"గా శాలువ దీనికా?"

"దీనికే."

"వాడకట్టంత తిరిగి చూపిచ్చిన్రా దాన్ని. మా మనుమడు, మా మనుమడు అనుకుంట. ఇంటెనకనే గుట్ట. ఒక్కసారి ఎక్కకపోతివా? కాళ్లు నొస్తే నన్నడుగకపోతివా? కూసుండవెట్టి ఒక్కొక్క ఆకు చెప్తుంటి గదరా."

"అడుగుదామనే ఇంటికచ్చిన బాపమ్మా. గా దినం నువ్వు గుట్ట మీదున్నవు. తిట్టు బాపమ్మా. ఇందాకటోలె తిట్టు."

"తిడితే గుట్ట ఉంటదా? లే, మొకం కడుక్కో. రేపు నేనే పోత. పిలగాడు తప్పు రాసిండు సారూ, ఆడు గుట్ట ఎక్కలే, ఎక్కినదాన్ని నేను, నా నోటితోని చెప్త రాసుకోండ్రి అంట. కూసోని రాసినోని రాత కన్న తిరిగినదాని మాట ఇనరా?"

"ఇనరు."

"ఎందుకినరు?"

"రికార్డు ఆఖరికి ఒక గడి ఉంటది. ఊర్ల చెట్టూ పుట్టా ఎరిగిన పెద్దమనిషి ఎవ్వలో, ఆ మనిషి పేరు అండ్ల రాయాలె. మీదున్నదంత ఆ మనిషి చెప్పిందే అన్నట్టు. గా పేరును జూసే ఆఫీసర్లు నమ్మేది."

"ఎవ్వల పేరు రాసినవు?"

"నాకు ఎర్కున్నంతల గుట్టను ఎరిగినదానివి నువ్వొక్కదానివే గదా, బాపమ్మా."