నడిమి గడి పిట్ట

"నేనేదో పెద్ద ఘనకార్యం చేశానని అననుగానీ, ఒక్క పిట్టని కుట్టానంతే. అదీ సుద్దముక్కతో గీత గియ్యకుండా, గుడ్డకి పెట్టిన కత్తెర మళ్లీ ఎత్తకుండా, ఒకే ఒక్క కోతలో. ముక్కు, రెక్క, తోక అన్నీ అందులోనే వచ్చేశాయి. చెయ్యి తిరిగినవాడికి ఇందులో గొప్పేముంది చెప్పండి?"

గడియారాల మావయ్య ఇలా మొదలుపెట్టాడు. చుట్టుపక్కల వీధుల్లో ఆగిపోయిన గడియారాలన్నీ ఆయన కొట్టుకే వెళ్తాయి కాబట్టి ఆ పేరు. నిజానికి ఆయన వరసకి ఎవరికీ మావయ్య కాదు.

మేమంతా దర్జీ కొట్టు వెనకగదిలో, గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నాం. బల్ల మీద బొమ్మల బొంత పరిచి ఉంది. మాలో ఒక్కొక్కరం ఒక్కో గడి కుట్టాం. ఒకరు పడవ, ఒకరు గొడుగు, ఒకరు మేకపిల్ల. అన్నీ ఒకదానికొకటి అతికేశాం. నడిమి గడి ఒక్కటే లేదు. ఆ చోట బొంతలోంచి బల్ల చెక్క కనిపిస్తోంది, నోట్లో ముందుపన్ను ఊడినట్టు.

పోయినసారి గడులు పంచుకునేటప్పుడు నడిమిది నర్సు అడిగింది. బొంత వెళ్లేది ఆమె పనిచేసే పిల్లల ఆసుపత్రికే. మంచం దిగలేని పిల్లలకి ఎదురుగోడ మీద కనబడేలా వేలాడదీస్తామని మాట కూడా ఇచ్చింది. గడియారాల మావయ్య రొమ్ము చరుచుకుని, "నడిమి గడి నాది, ఎవరూ వేలు పెట్టొద్దు" అన్నాడు. ఇచ్చేశాం. ఈ సాయంత్రం ఆసుపత్రి వ్యాను వస్తుంది. ఆయన అందరికన్నా ఆలస్యంగా, ఒక గుడ్డసంచిని తొడకి అదుముకుని, గుమ్మంలోంచి అడ్డంగా నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. సంచి ఒళ్లోంచి తియ్యలేదు.

"సరే మావయ్యా, ఆ పిట్ట ఏదీ? వ్యాను బయల్దేరిందట" అంది నర్సు.

"అక్కడికే వస్తున్నా అమ్మాయ్. తొందరపడితే కథా చెడుతుంది, కుట్టూ చెడుతుంది. ముందు ఆ కుట్టు సంగతి వినండి. మీరంతా బల్ల మీద పరుచుకుని కుడతారు. నాకు బల్లా గిల్లా అక్కర్లేదు, హాయిగా ఒళ్లో పెట్టుకుని కుట్టాను. బల్ల కావాల్సింది కొత్తవాళ్లకి."

పెద్దమ్మ దారం కొరకబోతూ ఆగి తలెత్తి చూసింది. ఈ బొంత పని మా అందరికీ నేర్పింది ఆవిడే. దారం కొరికి మళ్లీ తల దించుకుంది.

"కుట్టు ఎంత సన్నగా పడిందంటే, గడియారాలకి వాడే భూతద్దం కంటికి తగిలించుకుని చూసినా ఆనలేదు. ఇంకా పెద్ద అద్దం పెట్టాను. అబ్బే! దారానికి సిగ్గెక్కువ, గుడ్డలో దూరి కూర్చుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిట్టకి కన్ను కుట్టాను. నల్లదారంతో చిన్న ముడి. ముడి బిగించానో లేదో, ఆ కన్ను టప్పున ఆర్పింది!"

"దుమ్ము పడిందేమో" అన్నాడు దర్జీ.

"నవ్వు బావా, నవ్వు. మా పక్కింటి పిల్లి నవ్వలేదు. కిటికీలోంచి చూసి లోపలికి వచ్చి కూర్చుంది. పాలు పోస్తే ముట్టలేదు. చేపముక్క వేస్తే వాసన కూడా చూడలేదు. ఆ పిట్ట వంకే చూస్తూ చిక్కి సగమైపోయింది. ఇక లాభం లేదని తెలిసి, ముందుకాళ్లు రెండూ జోడించి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ పిల్లి ఆకులలములు తిని... అబ్బా!"

"ఏమైంది మావయ్యా?"

"ఏం లేదు ఏం లేదు. పాపం ఆ పిల్లి ఆకలి గుర్తొచ్చింది." కుర్చీలో కాస్త పక్కకి జరిగి, సంచి సర్దుకున్నాడు. మోకాలు ఒకటే ఊపుతున్నాడు.

ఆయన కథ చెబితే కూర్చుని చెప్పే మనిషి కాదు. గుర్రం అంటే గదంతా గెంతుతాడు. వరద అంటే బల్లెక్కి ఈదుతాడు. అలాంటిది ఈరోజు చేతులు మాత్రమే ఆడిస్తున్నాడు.

నర్సు కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలోకి చూసి వచ్చింది. "మావయ్యా, ఆ సంచిలో ఉందా పిట్ట?"

"సంచిలో ఇమిడేదైతే ఈ బాధ ఎందుకమ్మా! విను. గడిని కిటికీలో పెట్టి, చేతులు కడుక్కొద్దామని వెళ్లాను. వచ్చేసరికి కిటికీ చువ్వల మీద ఊళ్లో పిట్టలన్నీ వరసకట్టి ఉన్నాయి. పెళ్లిచూపులు! ఒకటి పాడుతోంది, ఒకటి రెక్కలు విప్పి చూపిస్తోంది, ఒక ముసలిదైతే గడ్డిపరక తెచ్చి నా గడి అంచు మీద గూడే మొదలెట్టింది. మా పిట్ట ఏం చేసిందో తెలుసా? ఇటు చూసింది, అటు చూసింది, గుడ్డలోంచి ఒక రెక్క లేపింది, రెండో రెక్క లేపింది..."

"ఎగిరిపోయింది" అన్నాడు దర్జీ.

"నా కథ నన్ను చెప్పనీ! ఎగిరిపోయింది. గడితో సహా ఎగిరిపోయింది! కానీ దారం తెంచలేదుగా నేను? దారం కొస పిట్ట దగ్గర, ఉండ నా గుప్పిట్లో. పట్టుకుని వీధిలోకి పరుగెత్తాను. ఉండ తిరుగుతోంది, తిరుగుతోంది, అయిపోయింది. అయినా వదిలితేనా? మడమలు లేచాయి. మునివేళ్లు లేచాయి. కొట్టు బోర్డు నా మోకాలి దగ్గర ఉంది, మరుక్షణం చెప్పు కింద ఉంది. దర్జీ, నీ మేడ మీద ఆరేసిన నీలం చొక్కాకి వీపు మీద చిరుగుంది, చూసుకున్నావా?"

"నాకు నీలం చొక్కా లేదు బావా."

"ఉన్న చొక్కా ఆ ఎత్తు నుంచి నీలంగానే కనిపిస్తుంది. ఆకాశం రంగు అంటుకుంటుంది."

"నువ్వు కోసే కోతలకి కత్తెర కూడా అక్కర్లేదయ్యా" అన్నాడు దర్జీ.

అందరం నవ్వాం. నర్సు నవ్వలేదు. బల్ల దగ్గరికి వచ్చి, బొంతలో ఖాళీగా ఉన్న చోట అరచెయ్యి ఆనించి నిలబడింది. "కిటికీ పక్క మంచం మీది చిన్నది రోజూ అడుగుతుంది, మధ్యలో ఏం బొమ్మ వస్తుందని. ఈ రాత్రికి చూస్తావని చెప్పాను" అంది, ఎవరినీ చూడకుండా.

మావయ్య ముఖంలో రంగు మారింది. మాట మాత్రం ఆగలేదు. ఇంకా వేగం హెచ్చింది.

"చూస్తుందమ్మా, ఎందుకు చూడదు! అసలు సంగతి ఇప్పుడొస్తోంది. మబ్బుల్లోకి వెళ్లామా, మా పిట్ట ముక్కు తగిలి ఒక పెద్ద మబ్బు ఇంత పొడుగున చిరిగింది. చూస్తూ ఊరుకుంటే ఊరు మునిగిపోదూ? జేబులోంచి సూది తీశాను. ఒక చేత్తో దారానికి వేలాడుతూ, రెండో చేత్తో మబ్బుకి కుట్లు వేసేశాను. నాలాంటివాడు లేకపోతే మీరంతా ఈపాటికి పడవల్లో... అమ్మో!"

"ఇప్పుడేం గుర్తొచ్చింది?"

"ఎత్తు! ఎత్తు తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు జివ్వుమంటాయి."

"మబ్బు కుట్టేస్తే, పొద్దున వాన ఎలా పడింది?" అన్నాడు దర్జీ.

"దిగేటప్పుడు కుట్లు విప్పేశాను. రైతుల ఉసురు తగలదూ?"

మేము మళ్లీ నవ్వాం. కిటికీలోంచి వచ్చే వెలుగు బల్ల అంచు దాటి నేల మీదికి జారింది. నర్సు మళ్లీ వీధిలోకి చూసింది. మావయ్య కూడా మెడ చాచి చూశాడు, నుదురు తుడుచుకున్నాడు, సంచిని ఇంకా గట్టిగా అదుముకున్నాడు. మరి అంత కంగారు పడే మనిషి లేచి వెళ్లిపోవచ్చు కదా అని నాకు అనిపించింది. లేవలేదు.

"మీరు వ్యాను గురించి బెంగ పెట్టుకోకండి. ఆ ఏర్పాటు కూడా చేసే దిగాను. పైన ఉన్నప్పుడు చూశాను, పొద్దు వాలుతోంది. అయ్యో, నేను కిందికి దిగేలోపు సాయంత్రమైపోతుందే, వ్యాను వచ్చేస్తుందే అనిపించింది. నేను గడియారాలవాడిని. గంటలు, నిమిషాలు నా చేతి కింద పెరిగిన పిల్లలు. పిట్టని అటు తిప్పమన్నాను. సూర్యుడి అంచు పట్టుకున్నాను. వేడి ఉంటుంది, కాదనను. ఆకాశానికి గట్టిగా టాకాలు వేసి ముడి పెట్టాను. ఇక కదల్లేడు. నేను వెళ్లి విప్పేదాకా సాయంత్రం అవదు. కాబట్టి తాపీగా కూర్చోండి, పిట్ట దానంతటదే..."

దర్జీ లేచి లైటు వేశాడు.

ఎవరం నవ్వలేదు. వీధి మలుపులో హారన్ వినిపించింది.

"వచ్చేసింది" అంది నర్సు. "ఏం చెప్పమంటావు మావయ్యా పిల్లలకి? మధ్యలో కన్నం ఉంటుందని చెప్పనా?"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా..." అని మొదలుపెట్టాడు కానీ, తర్వాత ఏమైందో ఆయనకీ తెలిసినట్టు లేదు.

అప్పుడు పెద్దమ్మ చేతిలోని సూదిని సూదుల దిండుకి గుచ్చింది. కళ్లజోడు పైకి తోసుకుంది.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని సామెత విన్నాను నాయనా. స్వర్గందాకా ఎగిరొచ్చినవాడు కుర్చీలోంచి లేవలేకపోవడం మాత్రం ఇదే చూడటం. ఏదీ, లే."

"నాకు మోకాలు నొప్పి పెద్దమ్మా."

"నొప్పి మోకాలికి కాదు, ఇంకొంచెం పైన. లే అంటున్నానా?"

ఆవిడ లే అంటే లేవనివాళ్లు మాలో లేరు. మావయ్య లేచాడు. సంచి జారి కింద పడింది.

పిట్ట ఆయన కుడితొడ మీద ఉంది. గడితో సహా ప్యాంటుకి కుట్టుకుపోయి ఉంది. అంచు చుట్టూ తిరిగిన కుట్టులో ఒక్క పోగు కూడా గుడ్డ వరకే ఆగలేదు, అన్నీ ప్యాంటులోకి దిగాయి. ఆఖరి కుట్టు దగ్గర దారం తెంచనే లేదు. ఆ దారం చివర సూది వేలాడుతోంది. ఆకలిగొన్న పిల్లి దగ్గరా, మబ్బు దగ్గరా ఆయన్ని పొడిచింది అదే.

"ఒళ్లో పెట్టుకుని కుట్టొద్దని ఈ గదిలోకి వచ్చిన మొదటిరోజే చెబుతాను, అందరికీ" అంది పెద్దమ్మ. "కుట్టేటప్పుడు కింద ఏముందో చూసుకోవాలి. మాట్లాడేటప్పుడూ అంతే."

దర్జీ పగలబడి నవ్వబోయాడు. పెద్దమ్మ చూసిన చూపుకి దగ్గు కింద మార్చుకున్నాడు.

ఆవిడ ఒంగి గడిని దీపం వెలుగులో పరీక్షగా చూసింది. పిట్ట పొట్ట ఒక పక్కకి ఒరిగింది. రెక్కలకి ఒకదానితో ఒకటికి పొంతన లేదు. గుడ్డ నిండా పాత సూదిపోట్లు, కుట్టి విప్పి, కుట్టి విప్పి, ముక్క జల్లెడైంది.

"ఒక్క కోతలో వచ్చిందన్నావు. ఇన్నిసార్లు విప్పినవాడివి ఆ సంగతి చెప్పుకోవచ్చుగా?"

"పిట్టలా లేదు పెద్దమ్మా" అన్నాడు మావయ్య. ఆయన గొంతు అంత చిన్నగా ఉంటుందని మాకెవరికీ తెలియదు. "ఎన్నిసార్లు కుట్టినా పిట్టలా రాలేదు. ఆఖరిసారి ప్యాంటు కూడా కలిసిపోయింది, విప్పే టైము లేదు. అందరి పక్కనా పెట్టాలంటే..."

"పిట్టలా లేదు, నిజమే. అయినా ఇది గడి. అక్కడ ఉన్నది కన్నం. గొప్పలు చెప్పుకోవడానికి ఆకాశమంతా కావాలి నాయనా, పని చెయ్యడానికి జానెడు గుడ్డ చాలు. దర్జీ, కత్తెర తియ్యి."

"కుట్లు విప్పాలంటే పొద్దుపోతుంది పెద్దమ్మా. లోపలిదాకా బిగించేశాడు."

"విప్పడం ఎందుకు? ప్యాంటుతో సహా కొయ్యి."

"కొత్త ప్యాంటు పెద్దమ్మా!" అన్నాడు మావయ్య.

"సూర్యుడికే టాకాలు వేసినవాడివి, ప్యాంటుకి మాసిక వేసుకోలేవా?"

దర్జీ చుట్టూ కోశాడు. పిట్ట వెనక ప్యాంటు గుడ్డ దళసరిగా అతుక్కుని వచ్చింది. అది అస్తరులాగా బాగా పనికొచ్చిందని తర్వాత నర్సు చెప్పింది. బల్లకి నాలుగువైపులా నలుగురం ఒంగి, నడిమి గడిని నాలుగు అంచుల నుంచీ ఒక్కసారే అతకడం మొదలుపెట్టాం. సూది మరిచి వదిలేసినవాళ్లు ఆ పూట అందరికీ దారాలు ఎక్కించాలన్నది మా గదిలో పాత కట్టుబాటు. మావయ్య ప్యాంటు కన్నం మీద సంచి పరుచుకుని, బల్ల చివర కూర్చుని, ఒకరి తర్వాత ఒకరికి దారం ఎక్కించి సూదులు అందించాడు. ప్రతి దారమూ మొదటిసారే సూదిలోకి దూరింది.

ఆఖరి ముడి పడేసరికి వ్యాను డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బొంతని రెండువైపులా పట్టుకుని ఎత్తాం. పడవ, గొడుగు, మేకపిల్ల అన్నీ లైటు వెలుగులోకి లేచాయి. డ్రైవరు తల పక్కకి వంచి చూశాడు.

"చాలా బాగుందమ్మా. ఆ మధ్యలోది ఏంటి, వంకాయా?"

అందరం మావయ్య వంక చూశాం. ఆయన నోరు తెరిచాడు. ఆ వంకాయ ఏ తోటలో కాసిందో, ఎంత ఎత్తు ఎదిగిందో, దాని నీడన ఎంతమంది పడుకున్నారో చెబుతాడని దర్జీ ముందే నవ్వు ముఖం పెట్టాడు.

"పిట్ట" అన్నాడు మావయ్య. "నేనే కుట్టాను. సరిగ్గా రాలేదు."

"ఇప్పుడు చూస్తే ముక్కు తెలుస్తోంది" అన్నాడు డ్రైవరు. బొంత మడిచి భుజాన వేసుకుని, నర్సుతో పాటు మెట్లు దిగాడు.

మావయ్య సంచి అడ్డం పెట్టుకుని కిటికీ దాకా నడిచాడు. వ్యాను మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని ఎవరినీ అడగలేదు.