బండిని నిటారుగా పట్టుకునే మనిషి

ఆగాగు, ఆ డబ్బా మూత పెట్టెయ్. స్టాండు మీద వాల్చిన బండికి నూనె చూస్తావేంట్రా? ఇంజిన్ పక్కనున్న ఆ గాజు కిటికీలో ఏమీ కనపడకపోతే ఇంజిన్లో నూనె లేనట్టేనా? బండి అటు వాలింది, నూనె కూడా అటే పోయింది, అంతే. నిటారుగా నిలబెట్టి చూడు, రెండు గీతల మధ్యకి వస్తుంది. నవ్వకు, మా బావంతటివాడే ఇందులో బోల్తా పడ్డాడు. మా అక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. పెద్ద బళ్ల మెకానిక్కు. నాలుగు సిలిండర్లు, వెయ్యి సీసీ ఉంటేనే చెయ్యి పెట్టేవాడు, చిన్న బండి తెస్తే పక్క వీధికి పొమ్మనేవాడు. ఎవడైనా కారు నూనె పోసుకొచ్చాడో, వాడి పని అయిపోయినట్టే. "క్లచ్ ప్లేట్లు కూడా ఈ నూనెలోనే తడుస్తాయయ్యా బాబూ, కారుది పోస్తే పట్టు జారవూ?" అని వీధంతా వినపడేలా అరిచేవాడు. నోరు పెద్దదే. మనసు... అదీ మంచిదే, కాకపోతే బయటికి రావడానికి టైము పట్టేది.

ఏం చెప్తున్నాను? ఆఁ, నూనె. ఈ బళ్లకి నడిమి స్టాండు ఉండదు కదా. అందుకని ఆదివారం పొద్దున్నే తన బండి ఇంజిన్ కాస్త వేడెక్కించి, ఆపి, ఆయన నేల మీద చతికిలబడితే, అక్క సీటు మీద కూర్చుని బండిని నిటారుగా పట్టుకునేది. రెండు వందల కేజీల పైమాటే. ఆవిడ కాళ్లు నేలకి సరిగ్గా అందేవి కూడా కావు, మునివేళ్ల మీదే నిలబెట్టేది. అట్లాంటి మనిషి ఒకరోజు, "నేనూ ఓసారి తోలతానండీ" అంది. చిన్న బండి మీద ఊరంతా చక్కర్లు కొట్టే మనిషే, కొత్తేం కాదు. ఈయన తలెత్తకుండా, "నీ వల్ల కాదు, బరువెక్కువ" అన్నాడు. చూడు, ఎవరితో ఎప్పుడు అన్నాడో! బండి ఆవిడ చేతుల్లోనే ఉంది అప్పుడు. అక్క గట్టిగా ఏమీ అనలేదు. స్టాండు వేసి, దిగి, "మోయలేనిదాన్ని కదా, ఇక మీరే పట్టుకోండి" అని లోపలికి వెళ్లిపోయింది. నాకు అక్క అంటే భయం, ఆ రోజు మాత్రం భలే ముద్దొచ్చింది.

ఇక పంతాలు. వంట చేసేది, వడ్డించేది, మాట మాత్రం లేదు. మళ్లీ ఆదివారం వచ్చింది. పిలిస్తే ఓడిపోయినట్టు కదా మొగమహారాజు! అదే ఇంట్లో ఉన్న నన్ను పిలవచ్చు, పిలవడు, ఇంట్లో గొడవని నాకు తెలుస్తుందని. తెలీనట్టు! స్టాండు మీదే వంగి చూశాడు. కిటికీ ఖాళీ. లోకమంతటికీ క్లాసు పీకే మనిషి, కోపంలో బుర్ర పనిచెయ్యక డబ్బా ఎత్తి పోసేశాడు. అలాగే రోడ్డెక్కాడు. కాసేపటికి వెనకంతా తెల్లటి పొగ, ఎక్కువైన నూనె గాలి ఫిల్టర్లోకి తన్నింది, బండి ఆగిపోయింది. ఎండలో తోసుకుంటూ వచ్చాడు పాపం, చొక్కా పిండితే నీళ్లు. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. వచ్చి సీటెక్కి, బండిని నిటారుగా నిలబెట్టి, "చూడండి" అంది. కిటికీ నిండా నూనే, పై గీత కూడా మునిగిపోయింది. ఈయన ఎక్కువైంది దించాడు, ఫిల్టరు మార్చాడు, మళ్లీ చూసుకున్నాడు. అక్క ఇంకా దిగలేదు. దిగనని మొహంలోనే ఉంది. అప్పుడు జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. "మెల్లగా" అన్నాడు, అంతే.

వెళ్లింది. ఈయన గేటు పట్టుకుని నిలబడ్డాడు, రంగు వెలిసిపోయింది మొహం. "రెండో గేరు... ఆఁ, మూడు వేసింది" అని నాకు చెప్తున్నాడు, నాకేదో వినపడనట్టు. తిరిగొచ్చింది. జుట్టంతా రేగిపోయింది, కళ్లు వెలిగిపోతున్నాయి. మా అక్కని అంత సంతోషంగా నేను పెళ్లిలో కూడా చూడలేదు. ఈయన బావుందా అని అడగలేదు. "ముందు బ్రేకు అందుతోందా?" అన్నాడు. "కొంచెం దూరంగా ఉందండీ." స్క్రూ తిప్పి లీవరు దగ్గరికి లాగాడు, ఆవిడ వేళ్లకి సరిపోయేలా. ఆయనవి లావు వేళ్లురా, ఆ సందులో ఇరుక్కుని నలిగేవి. ఎన్నేళ్లు తోలాడో ఆ బండి. ఆ స్క్రూ ఒక్కసారి కూడా వెనక్కి తిప్పలేదు.

...

ఎండెక్కింది. పద, లోపలికి.