నల్ల గలీబు

అదేంటి నర్సమ్మా, ఆ బొమ్మ తెచ్చి సరిగ్గా గుమ్మానికి ఎదురుగా తగిలిస్తారా! తీసేయండి ముందు. ఇస్త్రీ సెక్షన్ మగాళ్లంతా ఇటునుంచే కదా మంచినీళ్లకి వెళ్లేది. గర్భసంచి అంట, దాని మూతి అంట, పైగా రంగులు కూడా వేశారు. చూసినవాళ్లు ఏమనుకుంటారు?

నవ్వకండి. మీకేం, ఆసుపత్రి నుంచి వచ్చి అరగంట మాట్లాడేసి బ్యాగు సర్దుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత వాళ్ల ఇకిలింపులు పడాల్సింది మేము. ఈ షెడ్డులో నలభై రెండు కుట్టుమిషన్లు, నలభై ఇద్దరు ఆడాళ్లు. వాళ్లందరి మీదా సూపర్‌వైజర్ని నేను. పద్దెనిమిదేళ్లుగా ఈ నోటితోనే నెట్టుకొస్తున్నాను. ఇలాంటి మాటలు నా షెడ్డులో ఎవరూ ఎత్తరు. ఎత్తనివ్వను.

ఆ? కాగితమా? చదవమంటారా? చదువొచ్చులెండి నాకు, ఏడో క్లాసు దాకా వెళ్లాను. ఇటివ్వండి. “నెలసరికీ నెలసరికీ మధ్యలో రక్తం కనబడినా... వాసనతో తెల్లబట్ట అవుతున్నా... భర్తతో కలిసిన తర్వాత రక్తం...”

ఏం లేదు. కళ్లజోడు మసకేసింది. ఆ తలుపు కాస్త దగ్గరగా వేస్తారా?

మా చెల్లి ఉండేదండీ. ఇక్కడే పనిచేసేది, తెల్లచొక్కాలకి కాలర్లు వేసేది. నాకంటే పదేళ్లు చిన్నది. అమ్మ పోయాక నేనే పెంచాను. జడలు వేశాను, పెళ్లి చేశాను, మిషను మీద కూర్చోబెట్టి పని కూడా నేనే నేర్పాను. అన్నీ నేర్పానా, ఒంటి సంగతి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అది పెద్దమనిషైన రోజు గుడ్డలు చేతిలో పెట్టి “ఎవరితోనూ అనకు” అన్నాను. అంతే నా పాఠం.

కిందటేడు ఒకరోజు పనయ్యాక స్టూళ్లు సర్దుతున్నాను. దాని స్టూలు మెత్త మీద మరక. చుక్క కాదండీ, అరచేయంత.

మా పనిలో వేల్లోకి సూది దిగడం మామూలే. గుడ్డకి రక్తం అంటితే గబుక్కున ఉమ్మితో తడిపి తుడిచేస్తాం, ఆరిందంటే ఇక పోదు. వేలి సంగతి తర్వాత. గుడ్డ మీద కనబడకూడదు, అదొక్కటే మా ధ్యాస. ఆ మరకనీ నేను అదే బుద్ధితో చూశాను.

ఏం చేశాననుకున్నారు? అడిగానా? లేదు. ఇంటికెళ్లి నల్లగుడ్డ రెండు పొరలేసి, మధ్యలో ప్లాస్టిక్ షీటు పెట్టి, గలీబు కుట్టాను. అంచులు మడిచి, నాలుగు మూలలా నాడాలు పెట్టి, ఎంత చక్కగా కుట్టానో! తెల్లారి దాని స్టూలుకి కట్టేశాను. దాన్ని తెల్లచొక్కాల నుంచి తీసి నల్లప్యాంట్ల లైనుకి మార్చాను. కటింగులో మిగిలిన మెత్తటి ముక్కలు ఏరి దాని సంచిలో పెట్టేదాన్ని. చెల్లి పరువు కాపాడానని మురిసిపోయాను కూడా. పిచ్చిదాన్ని!

అది వచ్చి గలీబు చూసింది. నన్ను చూసింది. కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలలు కూర్చుంది నర్సమ్మా దాని మీద. ఎనిమిది నెలలు.

నాతో చెప్పలేదా అంటారా? చెప్పింది. అదే కదా నా ఖర్మ. మూడుసార్లు చెప్పింది.

మొదటిసారి చేతులు కడుక్కునే చోట. “నెలలో రెండుసార్లు వస్తోందక్కా” అంది. “వయసు మారుతోందిలే, అందరికీ ఉండేదే” అన్నాను. ముప్పై తొమ్మిదేళ్లు దానికి! ఇంకోసారి నడుం నొప్పి, వాసన కూడా వస్తోంది అంది. “శుభ్రంగా కడుక్కో” అన్నాను. దాని శుభ్రానికి వంక పెట్టాను, చూడండి నా నోరు.

మూడోసారి బస్సు కోసం నిలబడ్డాం. నా చెవి దగ్గరకొచ్చి, “ఆయనతో ఉన్నాక ప్రతిసారీ రక్తం వస్తోందక్కా, భయమేస్తోంది. నీకెప్పుడైనా ఇలా అయిందా?” అని అడిగింది. ఆ మాట అడగడానికి ఎన్ని రోజులు కూడబలుక్కుందో! నేనేమన్నానో తెలుసా? “సిగ్గులేదూ, నడిరోడ్డు మీద ఏం మాటలవి?” అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. మళ్లీ నోరు విప్పలేదు. బస్సొచ్చింది, ఎక్కాం.

తర్వాత ఒకరోజు కళ్లు తిరిగి మిషను మీద పడిపోయింది. అప్పుడు తీసుకెళ్లాం ఆసుపత్రికి. గర్భసంచి మూతికి క్యాన్సరు, పక్కలకి కూడా పాకిపోయింది అన్నారు. మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే బతికించుకునేవాళ్లం అన్నారు. ఆ డాక్టరమ్మ మంచావిడే. మంచిగానే అడిగింది, “ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదా అమ్మా?” అని.

మంచానికి అటు పక్క దాని మొగుడు, ఇటు పక్క నేను. ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. చెప్పాలి కదా! అది నావైపు చూడను కూడా లేదు. “ఎవరికీ చెప్పలేదండీ, నాకే సిగ్గేసింది” అంది.

ఇంత షెడ్డుని అదిలించే నా నోరు అప్పుడు మాత్రం పెగల్లేదు. ఐదు నెలల్లో వెళ్లిపోయింది. ఆ ఐదు నెలలూ తల దువ్వాను, ఒళ్లు తుడిచాను, గుడ్డలు మార్చాను. “తప్పు నాదే చెల్లీ” అని ఒక్కరోజు అనలేకపోయాను. అదీ ఆ మాట ఎత్తలేదు.

బుద్ధొచ్చిందా అంటే అదీ లేదండీ. మొన్న గుండీల మిషను పిల్ల కడుపు పట్టుకుని వంగిపోయింది. ఏమైందమ్మా అని అడగబోయాను. నోట్లోంచి వచ్చింది “పని చూడు” అని. నా వల్ల కాదు నర్సమ్మా. మీరే చెప్పండి. అరగంట కాదు, గంట తీసుకోండి, మిషన్లు నేను ఆపిస్తాను. నన్ను మాత్రం ముందు నిలబెట్టి మాట్లాడమనకండి.

ఈ సంగతి మీకు తప్ప ఎవరికీ తెలీదు. మా మరిదికి, అదే దాని మొగుడికి కూడా. పాపం, ఆదివారం ఆదివారం వస్తాడు. నా చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు. “చూడండి వదినా, మీకైనా చెప్పలేదు. ఒక్కసారి మీ చెవిన వేసి ఉంటే మీరు ఊరుకునేవారా?” అని దాన్నే తప్పు పడతాడు.

నేనేమంటాననుకున్నారు? మంచినీళ్లిచ్చి, వీపు నిమిరి, “ఎందుకు ఊరుకుంటానయ్యా” అంటాను.